ఆర్‌సీ బోటు గట్టుకు తిరిగి రావాలంటే: బ్యాటరీ ఎంపిక, వైరింగు, ఛార్జింగు

రిమోటు కారు దారిలో ఆగిపోతే నడిచి వెళ్లి చేత్తో తెచ్చుకుంటాం. బోటుకు ఆ వీలు లేదు. చెరువు మధ్యలో బ్యాటరీ అయిపోతే గట్టున నిలబడి చూడాల్సిందే. అందుకే బోటుకు కరెంటు అమర్చేటప్పుడు ప్రతి నిర్ణయాన్నీ ముందు ఒకే ప్రశ్నతో తూచండి: ఇది బోటును వెనక్కి తెస్తుందా? ఎంత వేగం, ఎంతసేపు అన్నవి ఆ తర్వాతి సంగతి.

లెక్కలు గాలిలో ఉండకూడదు కాబట్టి ఇక్కడ ఒక బోటును అనుకుందాం. పొడవు 60–70 సెంటీమీటర్లు, ఫోమ్ బోర్డుతోనో 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతోనో చేసిన ఒడలు (బోటు బాడీ), 550 సైజు బ్రష్‌డ్ మోటారు, 35 మిల్లీమీటర్ల రెండు రెక్కల ప్రొపెల్లరు, చుక్కాని తిప్పడానికి సర్వో అనే ఒక చిన్న మోటారు. ఇంట్లో చేసే బోట్లలో ఎక్కువ ఇలాంటివే. మీది వేరే అయినా లెక్క వేసే పద్ధతి మారదు.

ముందు కొలవండి, తర్వాత కొనండి

బ్యాటరీ కొనేసి దానికి తగ్గ మోటారు వెతకడం తలకిందుల పని. మోటారు, ప్రొపెల్లరు కలిసి ఎన్ని ఆంపియర్లు లాగుతాయో తెలిస్తేనే బ్యాటరీ, వైరు, ఫ్యూజు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) అన్నీ తేలతాయి.

కొలవడానికి ఆర్‌సీ సామాన్ల షాపుల్లో దొరికే వాట్‌మీటరు చాలు. బ్యాటరీకి, ఈఎస్‌సీకి మధ్య దాన్ని కలపండి. వోల్టులు, ఆంపియర్లతో పాటు అప్పటిదాకా ఎంత ఖర్చయిందో కూడా చూపిస్తుంది. మామూలు మల్టీమీటరును ఆంపియర్ల రేంజిలో ఈ పనికి వాడకండి. చాలావాటి హద్దు 10 ఆంపియర్లే, అదీ కొన్ని సెకన్లపాటే.

నీళ్ల తొట్టిలో బోటును పెట్టి, వెనుక నుంచి తాడుతో గట్టిగా కట్టండి. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి పది సెకన్లలో అంకె రాసుకోండి. సగం థ్రాటిల్‌లో మరోసారి. కట్టేసిన బోటు పరుగెత్తే బోటుకన్నా కాస్త ఎక్కువే లాగుతుంది, కాబట్టి ఈ అంకెతో లెక్కవేస్తే తప్పు జరిగినా మంచివైపే జరుగుతుంది. మోటారును గాలిలో తిప్పి కొలిస్తే మాత్రం ఒకటి రెండు ఆంపియర్లే కనిపిస్తాయి. దాన్ని నమ్మి సన్నవైరు వేసినవాళ్ల బోట్లలోనే ఇన్సులేషన్ కరుగుతుంది.

మనం అనుకున్న బోటు 7.4 వోల్టులమీద ఫుల్ థ్రాటిల్‌లో 14 ఆంపియర్లు, చెరువులో తగ్గిస్తూ పెంచుతూ నడిపితే సగటున 9 లాగుతుందనుకుందాం.

వేగం చాల్లేదని వోల్టేజీ పెంచేముందు ఒక మాట. ప్రొపెల్లరు నీటిలో ఎంత వేగంగా తిరిగితే అంతకు వర్గం లెక్కన బరువెక్కుతుంది. రెండు సెల్లుల ప్యాకు తీసి మూడు సెల్లులది పెడితే వోల్టేజీ ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది గాని, కరెంటు రెట్టింపుకు పైగా, మొత్తం శక్తి మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ప్రొపెల్లరు సైజు ఇంకా మోసం చేస్తుంది. 35కి బదులు 40 మిల్లీమీటర్లది వేసి అదే వేగంతో తిప్పాలంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. ‘అయిదు మిల్లీమీటర్లేగా’ అనుకోవద్దు. రెండిట్లో ఏది మార్చినా మళ్లీ తొట్టిలో కట్టి కొలవండి.

ఏ బ్యాటరీ?

వేగంగా పోయే బోటుకు లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ). బరువుకు తగ్గ బలంలో దానికి సాటి లేదు. ఒక్కో సెల్లు 3.7 వోల్టులు, నిండితే 4.20. రెండు సెల్లులైతే 2ఎస్ అంటారు, 7.4 వోల్టులు. 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 5 ఏహెచ్) 2ఎస్ ప్యాకు పావు కిలో నుంచి 300 గ్రాముల దాకా ఉంటుంది. ప్యాకు మీద రాసే ‘సీ’ అంకె అది ఎంత కరెంటు ఇవ్వగలదో చెబుతుంది: 5 ఆంపియర్ అవర్ల ప్యాకుకు 25సీ అంటే 125 ఆంపియర్లు. చవక ప్యాకుల మీద ఈ అంకెలో సగమే నమ్మండి. సగమైనా మన 14 ఆంపియర్లకు బోలెడు.

మెల్లగా పోయే టగ్గు, చేపల ఎర మోసుకెళ్లే బోటు లాంటివాటికి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ బాగా కుదురుతుంది, మోటారు 12 వోల్టులకు తగ్గదై ఉండాలి. రెండు కిలోలపైన ఉంటుంది, కాని అలాంటి బోటుకు నీళ్లలో దిగబడి కూర్చోవడానికి ఎలాగూ బరువు కావాలి. ఒక సంగతి తెలుసుకోండి: 7 ఏహెచ్ అన్నది 20 గంటలపాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. 7 ఆంపియర్ల చొప్పున లాగితే గంట రాదు, 35–40 నిమిషాలకే డీలా పడుతుంది.

నికెల్ మెటల్ హైడ్రైడ్ (నిమ్) ఆరు సెల్లుల 7.2 వోల్టుల ప్యాకు పిల్లల చేతికిచ్చే బోటుకు మంచిది. దెబ్బలకు, కొంచెం నిర్లక్ష్యానికి తట్టుకుంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు 3.2 వోల్టులది, నిండితే 3.65. లైపో అంత త్వరగా మంటలకు లోనవదు, ఎక్కువ ఏళ్లు వస్తుంది, కాస్త బరువు. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి లైపో అంటే భయమైతే దీన్ని తీసుకోండి.

ఇక 18650 సెల్లులు, అంటే ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే గుండ్రటి లిథియం సెల్లులు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఎక్కడ చూసినా ఇవే. ఆ సైజులో అసలైన సెల్లు 3500 ఎంఏహెచ్‌ను పెద్దగా దాటదు. పైన ‘9900 ఎంఏహెచ్’ అని రాసి ఉంటే అది అబద్ధం. తూకం వేస్తే తెలిసిపోతుంది: మంచి సెల్లు 45 గ్రాముల పైనే ఉంటుంది, దొంగ సెల్లు 30 దగ్గర ఆగుతుంది. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన సెల్లులు టార్చికి, పవర్ బ్యాంకుకు పనికొస్తాయి. బోటు మోటారు అడిగే కరెంటు వాటివల్ల కాదు, సెల్లుకు నాలుగైదు ఆంపియర్లు దాటితే వోల్టేజీ కుంగిపోయి వేడెక్కుతాయి. 20 ఆంపియర్లు ఇవ్వగలిగే 2500 ఎంఏహెచ్ రకం కొనండి. రెండేసి సెల్లులను పక్కపక్కన (ప్యారలల్‌గా) జతచేసి, ఆ రెండు జతలను వరసలో (సిరీస్‌గా) కలిపితే 7.4 వోల్టులు, 5000 ఎంఏహెచ్.

వాటిని మామూలు సోల్డరింగ్‌తో అతకవద్దు. సెల్లు చివర వేడెక్కితే లోపలి పొర, సీలు రెండూ దెబ్బతింటాయి. ఈ-బైక్ బ్యాటరీలు బాగుచేసేవాళ్ల దగ్గర స్పాట్ వెల్డింగు చేయించండి. పట్టీ స్వచ్ఛమైన నికెల్ కావాలి, 0.15 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే రెండు పొరలు వేయించండి. నికెల్ పూత వేసిన ఇనుప పట్టీ అంటగడతారు, చూసుకోండి. పట్టీ మీద గీతగీసి ఉప్పునీళ్లలో ఒకటి రెండు రోజులు ఉంచితే ఇనుపదైతే తుప్పు పడుతుంది.

ఎంతసేపు నడుస్తుంది?

ప్యాకులో 80 శాతమే మనది అనుకోండి. మిగతా 20 ముట్టుకుంటే లిథియం సెల్లు ఆయువు తగ్గుతుంది.

5 ఏహెచ్ × 0.8 = 4 ఏహెచ్. సగటు 9 ఆంపియర్లు. 4 ÷ 9 × 60 = సుమారు 26 నిమిషాలు. అదే 2200 ఎంఏహెచ్ ప్యాకైతే 11–12 నిమిషాలు.

ఇందులో మూడింట రెండు వంతులకే ఫోనులో టైమరు పెట్టండి. 26 నిమిషాలకు 17. టైమరు మోగితే బోటు గట్టువైపు తిరగాలి. మిగిలిన మూడో వంతు ఎదురుగాలికి, ప్రొపెల్లరుకు చుట్టుకునే నాచుకు. వోల్టేజీ తగ్గితే కూత పెట్టే చిన్న బజరు కూడా పెట్టుకోండి, సెల్లుకు 3.5 వోల్టులకు సెట్ చేసి. కాని మూత బిగించిన బోటులోంచి దాని కూత యాభై మీటర్ల దూరానికి సరిగ్గా వినపడదు. టైమరే అసలు కాపలా.

వైరింగు

1. బ్యాటరీ ప్లస్ వైరు మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గర, కారులో వాడే బ్లేడ్ ఫ్యూజు పెట్టండి. ఫుల్ థ్రాటిల్ 14 ఆంపియర్లయితే 20 ఆంపియర్ల ఫ్యూజు. గుర్రపుడెక్క వేరు ప్రొపెల్లరును పట్టేస్తే 550 మోటారు ఆగిపోయి 50 ఆంపియర్లకు పైగా లాగగలదు. ఫ్యూజు లేకపోతే ఆ వేడి ఈఎస్‌సీలోనో, మోటారు బ్రష్షుల్లోనో తేలుతుంది.

2. వైరు 14 గేజీ సిలికాన్‌ది. అది దొరక్కపోతే ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పనిచేస్తుంది, కాకపోతే బిరుసు.

3. కనెక్టరు ఎక్స్‌టీ60. తిరగేసి పెట్టలేం, అదే దాని గొప్ప. బ్యాటరీ వైపు ఎప్పుడూ ఆడ ప్లగ్గే ఉండాలి, లోహం బయటికి కనపడకుండా. సోల్డర్ చేసేటప్పుడు ఎదుటి ప్లగ్గును తగిలించి ఉంచండి, వేడికి పిన్నులు పక్కకు జరగవు. ప్రతి అతుకుకూ హీట్ ష్రింక్ గొట్టం. బ్యాటరీ వైర్లు కత్తిరించాల్సి వస్తే ఒక్కొక్కటిగా. రెండూ కలిపి కత్తెర పెడితే కత్తెర నోరే షార్టు.

4. మొదటిసారి కలిపేముందు ప్లస్, మైనస్ మల్టీమీటరుతో చూడండి. తిరగబడితే ఈఎస్‌సీ ఆ క్షణంలోనే పోతుంది.

ఈఎస్‌సీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ‘320 ఆంపియర్లు’ అని రాసిన చవక బ్రష్‌డ్ ఈఎస్‌సీలు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. లోపలి ట్రాన్సిస్టర్ల గరిష్ఠ అంకెలు కూడి రాసిన లెక్క అది. బోటులో ఇరవై ఆంపియర్ల పనికి మించి దాన్ని నమ్మవద్దు. అసలు చిక్కు వేరే ఉంది: వాటిలో చాలావాటికి లైపో ఎప్పుడు అయిపోతోందో తెలియదు, చివరి చుక్క దాకా పీల్చేస్తాయి. హాబీవింగ్ క్విక్‌రన్ 1060 లాంటివాటిలో లైపో, నిమ్ ఎంచుకునే చిన్న జంపరు ఉంటుంది. అది నిమ్ వైపు ఉండిపోతే లైపోకు రక్షణ లేనట్టే. కొత్త ఈఎస్‌సీ పెట్టినప్పుడల్లా ముందు ఆ జంపరు చూడండి.

బ్యాటరీ ఒడలులో అడుగున, నడిమి గీత మీద ఉండాలి. నీళ్లు ఎంత ఆపినా షాఫ్టు గొట్టం గుండా కొన్ని లోపలికి వస్తాయి, కాబట్టి కింద ఒక సెంటీమీటరు ఫోమ్ పెట్టి దాని మీద వెల్క్రో పట్టీతో కట్టండి. కట్టకపోతే మలుపులో బ్యాటరీ పక్కకు జారుతుంది, బోటు ఒరిగి బోర్లాపడుతుంది. ముందు వెనకలకు ఎక్కడ పెట్టాలన్నది చెరువులో జరిపి చూసి తేల్చుకుని పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

రిసీవరుకు కరెంటు ఎక్కడిది?

చాలామంది దృష్టి పెట్టని చోటు ఇదే. ఈఎస్‌సీలో బీఈసీ అనే భాగం మెయిన్ బ్యాటరీ నుంచి 5 వోల్టులు తీసి రిసీవరుకు (రిమోటు సిగ్నలు అందుకునే పెట్టె), సర్వోకు ఇస్తుంది. ఈఎస్‌సీ తనంతట తాను బ్యాటరీ తగ్గిందని మోటారును ఆపితే బీఈసీ ఇంకా బతికే ఉంటుంది. కాసేపు ఆగితే వోల్టేజీ కొంత కోలుకుంటుంది, నత్తనడకన అయినా బోటును తేవచ్చు.

18650 ప్యాకు మీద బీఎంఎస్ బోర్డు (హద్దు దాటితే కరెంటు తెంపి సెల్లులను కాపాడేది) పెట్టి దాని గుండానే మోటారుకు కరెంటిస్తే కథ మారుతుంది. నాచు చుట్టుకుని కరెంటు హద్దు దాటగానే బీఎంఎస్ మొత్తం తెంపేస్తుంది, మోటారుతో పాటు రిసీవరూ ఆరిపోతుంది. చాలా బోర్డులు లోడు తీసేదాకా మళ్లీ కలవవు. చెరువు మధ్యలో లోడు తీసేదెవరు?

దీనికి రెండు దారులు. ఒకటి, ఫుల్ థ్రాటిల్ కరెంటుకు కనీసం రెండు మూడు రెట్లున్న బీఎంఎస్ వాడటం. రెండోది, ఇంకా మంచిది: రిసీవరుకు వేరే బ్యాటరీ. నాలుగు ఏఏ నిమ్ సెల్లులు, 4.8 వోల్టులు, ఒక సర్వోతో గంటల తరబడి వస్తాయి. ఇలా చేస్తే ఈఎస్‌సీ నుంచి రిసీవరుకు వచ్చే మూడు వైర్లలో మధ్యనున్న ఎర్రదాన్ని ప్లగ్గు నుంచి తీసి, టేపు చుట్టి పక్కన పెట్టాలి. నల్లది, తెల్లది అలాగే ఉండాలి. ఎర్రది తీయకపోతే రెండు 5 వోల్టుల దారులు ఒకదానితో ఒకటి కలబడతాయి.

రిమోటులోని సెల్లులు కూడా ఈ లెక్కలోవే. అవి చచ్చినా బోటు చచ్చినట్టే. రిసీవరులో ఫెయిల్‌సేఫ్‌ను (సిగ్నలు తెగితే ఏం చేయాలో చెప్పే సెట్టింగు) మోటారు ఆగేలా సెట్ చేసి, రిమోటు ఆపి ఒకసారి పరీక్షించండి, ప్రొపెల్లరుకు చేతులు దూరంగా ఉంచి.

లైపో ఛార్జింగు, అంచెలంచెలుగా

కావలసినవి: సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరు (ఐమ్యాక్స్ బీ6 తరహాది), మల్టీమీటరు, మండని చోటు. బీ6లో కొన్ని రకాలకు నేరుగా ఇంటి కరెంటు పెట్టొచ్చు, కొన్నిటికి 12 వోల్టుల అడాప్టరు కావాలి. అది కనీసం 5 ఆంపియర్లది ఉండాలి. సెట్‌టాప్ బాక్సుది 12 వోల్టుల 1 లేదా 2 ఆంపియర్ల అడాప్టరు తగిలిస్తే ఛార్జింగు మొదలైన నిమిషానికే ఛార్జరు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. జనం ఛార్జరు చెడిపోయిందనుకుంటారు.

బ్యాటరీని బోటులోంచి బయటికి తీసి మాత్రమే ఛార్జ్ చేయాలి. మూసిన ఒడలులో వేడి బయటికి పోదు. లెడ్ యాసిడ్ అయితే ఎక్కువ ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, అదీ మూత కిందే పోగవుతుంది. గచ్చు మీదో, బండ మీదో పెట్టండి. మంచం, సోఫా, అట్టపెట్టె, కర్టెన్ పక్కన వద్దు. మందపాటి మట్టి మూకుడులో పెడితే ఇంకా నయం.

1. చెరువు నుంచి రాగానే ఛార్జింగు పెట్టకండి. చేత్తో పట్టుకుంటే చల్లగా అనిపించేదాకా అరగంట ఆగండి. ఎండాకాలంలో కారు డిక్కీలో వేడెక్కిన ప్యాకు విషయంలోనూ ఇంతే.

2. ప్యాకును చూడండి. ఉబ్బిందా, నొక్కుకుందా, తియ్యటి రసాయనం వాసన వస్తోందా? ఏ ఒక్కటి ఉన్నా ఛార్జింగు లేదు.

3. ప్యాకుకు ఉండే సన్నవైర్ల చిన్న ప్లగ్గులో (బ్యాలెన్స్ ప్లగ్గు) ఒక్కో సెల్లు కొలవండి. 2ఎస్‌కు మూడు పిన్నులు. నలుపుకూ మధ్యదానికీ నడుమ ఒక సెల్లు, మధ్యదానికీ ఎరుపుకూ నడుమ రెండోది. మల్టీమీటరు మొనలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. రెండిటి తేడా 0.05 వోల్టుల లోపుంటే ఆరోగ్యం. 0.2 దాటితే ఒక సెల్లు ముసలిదవుతోంది.

4. ఛార్జరుకు కరెంటు ఇవ్వండి. తర్వాత ఛార్జింగు వైరు ఒక చివరనున్న బనానా పిన్నులు ఛార్జరులో గుచ్చండి. ఆ తర్వాతే ప్యాకు ప్లగ్గు కలపండి. ఈ వరస తిరగబడితే బ్యాటరీకి కలిసి ఉన్న రెండు బనానా పిన్నులు మేజా మీద ఒకదానికొకటి తగులుతాయి, నిప్పులు కక్కుతాయి. చివరగా బ్యాలెన్స్ ప్లగ్గు.

5. ఛార్జరులో రకం ‘లైపో’, పద్ధతి ‘బ్యాలెన్స్’, సెల్లులు 2ఎస్. కరెంటు 1సీ, అంటే ప్యాకు ఏహెచ్ అంకె ఎంతో అన్ని ఆంపియర్లు: 2200కు 2.2, 5000కు 5. 50 వాట్ల ఛార్జరు 2ఎస్‌కు 5 ఆంపియర్లు ఇవ్వగలదు (8.4 × 5 = 42 వాట్లు). 3ఎస్‌కైతే 12.6 × 5 = 63 వాట్లు అవుతుంది, కాబట్టి 4 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. అది లోపం కాదు.

6. ఛార్జరు తెర మీద ఎన్ని సెల్లులు కనపడ్డాయో చూపిస్తుంది. మీరు పెట్టిన అంకెతో సరిపోతేనే ఓకే నొక్కండి. 2ఎస్ ప్యాకును 3ఎస్‌గా ఛార్జ్ చేయడం ఇల్లు తగలబెట్టుకునే పని.

7. మొదట కరెంటు ఒకే తీరుగా పోతుంది. సెల్లు 4.20కి చేరాక వోల్టేజీ అక్కడే నిలిచి కరెంటు తగ్గుతూ వస్తుంది, పదో వంతుకు పడ్డాక ఛార్జరు ఆగుతుంది. 1సీ మీద గంట, గంటంపావు. చివరి పది శాతానికి చాలాసేపు పట్టడం మామూలే.

8. ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో నోటుబుక్కులో రాసుకోండి. 17 నిమిషాలు నడిపిన 5000 ప్యాకులోకి సుమారు 2500–2700 ఎక్కాలి. 4000 దాటిందంటే మీ సగటు 9 ఆంపియర్ల లెక్క తప్పు, లేదా షాఫ్టు ఎక్కడో పట్టేస్తోంది. టైమరు తగ్గించండి. ఈ ఒక్క అంకె మీ బోటు ఆరోగ్యం మొత్తం చెబుతుంది.

9. తీసేటప్పుడు ముందు బ్యాలెన్స్ ప్లగ్గు, తర్వాత ప్యాకు, చివర బనానా పిన్నులు.

ఛార్జింగు జరుగుతున్నంతసేపూ అదే గదిలో ఉండండి. రాత్రి పెట్టి పడుకోవడం ఎప్పుడూ వద్దు. ప్యాకు వేడెక్కినా, ఉబ్బుతున్నా స్విచ్చి ఆపి, మెయిన్స్ నుంచి ప్లగ్గు తీసి, పట్టుకోగలిగే స్థితిలో ఉంటే మూకుడుతో సహా ఆరుబయటికి చేర్చండి. మంట లేస్తే పొగ పీల్చకండి, అది విషం. కరెంటు తెంపాక నీళ్లు ధారాళంగా పోయొచ్చు, ప్యాకు చల్లబడటానికి అవే సాయం. ఇసుక మంటను ఆర్పదు, పక్కకు పాకకుండా ఆపుతుంది. ఆరిందనుకున్నాక మళ్లీ అంటుకోవచ్చు కాబట్టి కొన్ని గంటలు అక్కడే వదిలేయండి.

సెల్లు 3.0 వోల్టుల కింద ఉంటే ఛార్జరు ‘లో వోల్టేజ్’ అని మొరాయిస్తుంది. అప్పుడు నిమ్ పద్ధతిలో పెట్టి కొంచెంసేపు తోసేస్తే లేస్తుందని చాలామంది చెబుతారు. చేయకండి. చాలా కిందికి పోయిన సెల్లులో రాగి కరిగి, తిరిగి ఛార్జ్ చేసినప్పుడు లోపలే షార్టు కట్టొచ్చు. 2.5 కింద కొన్ని గంటలున్న సెల్లును వదులుకోవడమే నయం.

చవక దారుల్లో పొంచి ఉన్న గుంటలు

టీపీ4056 అనే చిన్న బోర్డు చవక, మంచిదే. కాని అది ఒకే సెల్లుకు, 1 ఆంపియరుతో, 4.2 వోల్టులకు. వరసలో ఉన్న రెండు సెల్లులకు రెండు బోర్డులు పెట్టి ఒకే ఫోన్ ఛార్జరు నుంచి కరెంటిస్తే రెండు బోర్డుల మైనస్ ఒకటే అయి ఒక సెల్లు నేరుగా షార్టవుతుంది. రెండు వేరువేరు అడాప్టర్లు ఉంటేనే అది కుదురుతుంది.

బీఎంఎస్ ఛార్జరు కాదు. హద్దు దాటితే తెంపడమే దాని పని, కరెంటును నెమ్మదిగా ఎక్కించడం దానికి రాదు. 2ఎస్ ప్యాకుకు ‘8.4 వోల్టుల లిథియం ఛార్జరు’, 3ఎస్‌కు 12.6 వోల్టులది అడిగి కొనండి. మామూలు 12 వోల్టుల అడాప్టరును 3ఎస్ బీఎంఎస్‌కు తగిలించేవాళ్లున్నారు. ఖాళీ ప్యాకు ఒక్కసారిగా లాగే కరెంటుకు అడాప్టరు కాలుతుంది.

నిమ్ ప్యాకుతో వచ్చే బొమ్మ ఛార్జరుకు ఎప్పుడు ఆపాలో తెలియదు. గంటల లెక్క మీరే వేయాలి. 1800 ఎంఏహెచ్ ప్యాకు, 250 మిల్లీ ఆంపియర్ల ఛార్జరు అయితే, నష్టానికి 1.4తో హెచ్చించి: 1800 × 1.4 ÷ 250 = సుమారు 10 గంటలు, అదీ పూర్తిగా ఖాళీ ప్యాకుకు. బీ6తో అయితే 0.5సీ నుంచి 1సీ మధ్య పెట్టండి. నిండిన నిమ్ ప్యాకు వోల్టేజీ చివర్లో కొద్దిగా పడుతుంది, ఛార్జరు పట్టుకునేది ఆ గుర్తునే. మరీ తక్కువ కరెంటుతో పెడితే ఆ పడటం కనపడక ఛార్జరు ఆగదు, ప్యాకు ఉడుకుతుంది. చివర్లో గోరువెచ్చన మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడైతే ఆపేయాలి.

12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్‌కు 14.4 వోల్టులు, 0.7 నుంచి 2 ఆంపియర్ల మధ్య. కారు బ్యాటరీల షాపులో పెద్ద ఛార్జరుకు తగిలిస్తే లోపలి తేమ ఎగిరిపోయి కొద్ది నెలల్లోనే పోతుంది. దీనికి లైపోకు పూర్తిగా ఉల్టా అలవాటు కావాలి: వాడిన రోజే నిండా ఛార్జ్ చేసి, నిండుగానే దాచాలి. ఖాళీగా వారం వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. బోటులో 10.5 వోల్టుల కిందికి ఎప్పుడూ పోనివ్వకండి.

చెరువు గట్టున

ముందు రిమోటు ఆన్, తర్వాత బోటు. ఆపేటప్పుడు ముందు బోటు. గాలి మీ వైపు వీచే గట్టునే నిలబడండి. బోటు ఆగిపోయినా అలలే మెల్లగా మీ దగ్గరికి తెస్తాయి. మొదటి అయిదు నిమిషాలు ఇరవై మీటర్ల లోపు నడిపి, గట్టుకు తెచ్చి, మోటారునూ ఈఎస్‌సీనీ ప్యాకునూ చేత్తో తాకి చూడండి. చెయ్యి నిలవనంత వేడుంటే ప్రొపెల్లరు పెద్దదైంది.

బోటు ఆగిపోతే నీళ్లలోకి దిగకండి. చెరువుల్లో పైకి కనపడని పూడిక బురద, మట్టి తవ్విన గోతులు, తామర తీగలు ఈత వచ్చినవాళ్లనూ లాగేస్తాయి. గాలం కర్రకు టెన్నిస్ బంతి కట్టి బోటు అవతలికి విసిరి, దారంతో చుట్టి లాగండి. అది లేనిరోజు గాలి తెచ్చేదాకా వేచి ఉండండి.

గట్టు దగ్గరే ఛార్జ్ చేయాలంటే యూపీఎస్ బ్యాటరీ మోసుకెళ్లండి. 12 × 7 = 84 వాట్ అవర్లు. పాడవకుండా అందులో సగం వాడుకుంటే, నష్టం పోను 2ఎస్ 2200 ప్యాకులు (16 వాట్ అవర్లవి) రెండు నిండుతాయి.

లోపలికి నీళ్లు వచ్చి ప్యాకు తడిస్తే వెంటనే విప్పి, మంచినీళ్లతో కడిగి, ఆరుబయట నీడన ఒకరోజు ఆరనివ్వండి. సముద్రపు నీళ్లయితే ఇంకా తొందరపడాలి. ఉప్పునీళ్లు పిన్నుల మధ్య కరెంటు పారించి, బ్యాలెన్స్ ప్లగ్గును గంటల్లోనే పచ్చగా చిలుము పట్టిస్తాయి. ఆరాక సెల్లులు కొలవండి, మర్నాడు మళ్లీ కొలవండి. ఊరికే పడిపోతుంటే ఇక ఛార్జింగు వద్దు.

దాచడం, పారేయడం

మూడు నాలుగు రోజుల్లో వాడకపోతే లైపోను సెల్లుకు 3.80–3.85 వోల్టులకు తేవాలి. ఛార్జరులో ‘స్టోరేజ్’ అని ఉంటుంది. నిండుగా దాచిన ప్యాకు మన ఎండల్లో ఒక్క వేసవికే ఉబ్బుతుంది. బీరువాపైనో అటకపైనో కాదు, ఇంట్లో చల్లగా ఉండే నేలమట్టపు చోటు చూసి, మూత కొద్దిగా వదులుగా ఉన్న లోహపు డబ్బాలో, ప్లగ్గులకు తొడుగులు వేసి పెట్టండి. నెలకోసారి వోల్టేజీ చూడండి.

విమానంలో తీసుకెళ్లాల్సి వస్తే విడి లిథియం ప్యాకులు చేతి సంచిలోనే, ప్లగ్గులకు టేపు చుట్టి. మామూలు హద్దు 100 వాట్ అవర్లు. 3ఎస్ 5000 ప్యాకు 55 మాత్రమే.

ఉబ్బిన లైపోను సూదితో పొడవకండి, చెత్తబుట్టలో వేయకండి. చెత్త లారీలో నలిగితే అక్కడ అంటుకుంటుంది. ఆరుబయట, కారు హెడ్‌లైటు బల్బు లాంటి 12 వోల్టుల బల్బు తగిలించి పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచి, వోల్టేజీ సున్నా దగ్గరికి వచ్చాక ప్లగ్గుకు టేపు చుట్టండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదీ దిగుమతిదార్లదీ. ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. లెడ్ యాసిడ్‌దైతే బ్యాటరీ షాపువాళ్లే తూకానికి డబ్బిచ్చి తీసుకుంటారు.